పొడి నేలయే మొదటి దుప్పటి
శీతకాలమునకు ఇంటిని, పశువుల సావిడిని పొదుపుగా సిద్ధపరచుట

జరుగుబాటు లేని కుటుంబమును గూర్చి చెప్పునప్పుడు మన పల్లెలలో “ఆ యింట పొయ్యిలో పిల్లి లేవలేదు” అందురు. వంట ముగిసిన పొయ్యిలో రాత్రి పిల్లి పండుకొనును. మరునాడు పొయ్యి రాజవేయువరకు అచటనే యుండును. లేమిని తెలుపుటకు పుట్టిన యీ మాటలో చలికాలమునకు పనికివచ్చు పాఠమొకటి గలదు. పిల్లి పొయ్యిని ఏల ఎన్నుకొనును? అది పొడిగా నుండును. మూడువైపుల గోడ యుండుటచే గాలి తగులదు. బూడిదలో మిగిలిన వేడి ఎట్లును వృథాగా పోవునదే. తడి లేని చోటు, గాలి తగులని మూల, ఊరక పోవు వేడి: ఈ మూడింటిని సమకూర్చుకొన్నచో చలికి అధిక వ్యయము చేయనక్కర లేదు. మనుష్యుల ఇంటికిని, పశువుల సావిడికిని, కోళ్ళ గంపకును ఇదియే సూత్రము. ఈ పాఠమున ఆ సూత్రమును మన డెల్టా గ్రామములకు అన్వయించి చూతము.

మన చలి యెట్టిది?

చలి అనగానే మనకు మన్యము జ్ఞప్తికి వచ్చును. లంబసింగి, చింతపల్లి ప్రాంతములలో కొన్ని వేకువజాములందు ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్‌కు లోబడును. ఆ లెక్కన గోదావరి డెల్టాలో చలి స్వల్పమే. పుష్యమాసమున గూడ ఇచట రాత్రి ఉష్ణోగ్రత సాధారణముగ 20 డిగ్రీల దరిదాపుల నుండును. చలి ముదిరిన దినములలో మరికొంత తగ్గును. అయినను లేగదూడలు, కోడిపిల్లలు, ముదుసలులు ఈ కాలముననే ఎక్కువగా జబ్బుపడుటకు కారణమేమి?

కారణము తడి. ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆనకట్ట ఈ భూములకు నీరిచ్చినది. ఆ నీటివలననే మనకు సార్వా, దాళ్వా పంటలు రెండును దక్కుచున్నవి. కాని కాలువలు పారుచుండగా, దాళ్వాకు దమ్ము చేసిన చేలు ఊరిచుట్టు నిండియుండగా, నేలలోని తేమ ఇంటి గోడలలోనికి, సావిడి నేలలోనికి ఎక్కును. రాత్రి మంచు కురియును. వేకువను రేకుల కప్పుల అడుగున చెమ్మ పట్టి చుక్కలుగా రాలును.

నీరు నిశ్చలమైన గాలికంటె 20 రెట్లకు పైగా వేగముగా శరీరమునుండి వేడిని లాగివేయును. ఎండుగడ్డి, దూది, ఉన్ని మనకు వెచ్చగా నుండుట వానిలో వేడి యుండుటవలన గాదు. వాని పోగుల నడుమ కదలని గాలి నిలుచుటవలన. అవి తడిసినచో ఆ గాలి యుండవలసిన చోట నీరు చేరును. అంతట దుప్పటియే చలిని తెచ్చును. కావున మన ప్రాంతమున మొదట ఎదుర్కొనవలసినది చలిని గాదు, తడిని.

ఒక అనుభవము

ఈ సంగతిని నేను పుస్తకములలో గాక మా సావిడిలో నేర్చుకొంటిని. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై పెనుతుపాను విరుచుకుపడినది. వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. కొబ్బరితోటలు నేలకొరిగినవి. నేనప్పుడు పదునారేండ్ల వాడను. మా సావిడి కప్పు ఎగిరిపోయినది, గడ్డిమేటు తడిసినది. దొరికిన తాటాకులతో కప్పు వేసితిమి. ఆ పుష్యమాసమున మా గేదె ఈనినది. పెయ్యదూడ. ఇంటిల్లిపాదియు మురిసితిమి.

దూడకు చలి తగులరాదని వెన్నుపై గోనెసంచి కప్పితిమి. ప్రక్కను కుంపటి పెట్టితిమి. తలుపుగా తాటాకు తడకను బిగించితిమి. మాకు తెలిసినదంతయు చేసితిమి. దూడ మూడు దినములు పాలు కుడిచినది. నాలుగవ దినమున ముక్కు కారి, డొక్కలెగరవేయసాగినది. మరునాటి వేకువను చనిపోయినది. పొరుగింటి ముదుసలి వచ్చి, దూడ పండుకొన్న చోట అరచేయి ఆనించి చూచి, మా అమ్మతో నిట్లనెను: “అమ్మాయ్, పైన గోనె కప్పేవు గానీ, కింద తడి చూసేవు కాదు. దూడ పడుకునేది నేలమీదే గదా!”

ఆమె యింటను అదే వారమున పుట్టిన దూడ యొకటి యుండెను. ఆమెకు సావిడియే లేదు. వసారాలో మెరకగా నున్న మూలను ఊక పోసి, దానిపై చితుకగొట్టిన కొబ్బరిపీచు పరచి, దూడను అచట కట్టివేసెను. ప్రతిదినము ప్రొద్దెక్కిన పిదప ఆ పీచును ఎండలో వేసెడిది. కుంపటి పెట్టలేదు. ఆ దూడ బ్రతికి, పెరిగి, పాడికి వచ్చినది. మా యింట బొగ్గులకైన ఖర్చు ఆమె కసలే లేదు.

మొదటి పని: తడిని తొలగించుట

కార్తీక పౌర్ణమి నాటికి ముగింపవలసిన పనులు ఇవి.

1. సావిడి నేలను గాడివైపు ఎత్తుగా, వెనుకకు వాలుగా చేయవలెను. మూత్రము నిలువక కాలువలోనికి పోవుటకు ఆ వాలు చాలును. గుంతలను పూడ్చి, చెరువుమట్టితో గాని గ్రావెలుతో గాని గట్టిగా దిమ్మిస చేయవలెను.

2. దూడ పండుకొను చోట జానెడు మందమున ఊకను గాని, ఎండుగడ్డిని గాని, కొబ్బరిపీచును గాని పరచవలెను. ఉదయము తడిసిన భాగమును తీసివేసి, తక్కినదానిని ఎండబెట్టవలెను. తీసివేసిన పరుపు పెంటకుప్పకు చేరి మంచి ఎరువగును. అందువలన ఇది నష్టము గాదు.

3. సిమెంటు నేలపై మనుష్యులును, పశువులును నేరుగా పండుకొనరాదు. చాప క్రింద పొడిగడ్డి గాని, ఎండిన గోనెసంచులు గాని రెండు పొరలు వేయవలెను. నులకమంచమునకు క్రిందినుండి గాలి తగులును గనుక, పైన దుప్పటులు ఎన్ని కప్పినను క్రింద బొంత లేనిదే చలి ఆగదు. పాతచీరలతో కుట్టిన బొంతలు ఎండలో ఆరినచో కొత్త కంబళ్ళకు తీసిపోవు.

4. యంత్రములతో కోతలు కోయించుచున్న గ్రామములలో గడ్డి నలిగి చేలలోనే మిగులుచున్నది. దాళ్వాకు తొందరపడి దానిని తగులబెట్టుచున్నారు. ఇంటికి వలసిన గడ్డినైనను మోపులుగా కట్టించి తెచ్చుకొనుట మేలు. ఆ గడ్డి మేతయు నగును, పరుపు నగును. మేటు క్రింద కర్రలు పరచి, నేల తేమ తగులకుండ చేయవలెను. 2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల వద్ద తీరము దాటిన మిచౌంగ్ తుపాను వర్షములకు మన జిల్లాలలోను కోతకు వచ్చిన చేలు తడిసినవి. కోతలకాలమే తుపానుల కాలమని మరువరాదు.

రెండవ పని: గాలిని అడ్డుట, ఊపిరిని విడుచుట

చలికాలమున ఉత్తర, ఈశాన్య దిక్కుల గాలి మిక్కుటము. ఆ వైపున కొబ్బరిమట్టల తడకను గాని, తాటాకు దడిని గాని కట్టిన చాలును. దడి అడుగుభాగమున సందు లేకుండ చూడవలెను. పండుకొన్న పశువునకు గాలి తగులునది అచటనే. దక్షిణపువైపు తెరచి యుంచవలెను. ఈ మాసములలో సూర్యుడు మధ్యాహ్నమున గూడ నడినెత్తికి రాక దక్షిణమునకు వాలి యుండును. కావున ఎండ సావిడి లోపలివరకు ప్రసరించి నేలను ఆరబెట్టును. ఇది ఖర్చు లేని కుంపటి.

అయితే నాలుగువైపుల మూసివేయుట పెద్ద పొరపాటు. మూసిన సావిడిలో మూత్రమునుండి లేచు అమోనియా వాయువు ఊపిరితిత్తులను బాధించును. పశువుల ఊపిరిలోని తేమ కప్పునకు తగిలి తిరిగి వానిపైననే పడును. చలికి చావని దూడ ఈ గాలికి చచ్చును. తెల్లవారుజామున సావిడిలో అడుగు పెట్టగనే కన్నులు మండినచో గాలి చాలలేదని గ్రహింపవలెను. దడికిని కప్పునకును నడుమ మూరెడు ఖాళీ విడువవలెను. దోమలకై వేయు పొగ గూడ అంతియే. వేపాకు పొగను సాయంకాలము కొంతసేపు సావిడి వెలుపల వేయవచ్చును. రాత్రియంతయు లోపల వేయరాదు.

మూడవ పని: లోపలి వేడిని నిలుపుట

పశువునకు దాని కడుపే పొయ్యి. ఎండుగడ్డి మొదటి కడుపులో పులియునప్పుడు వేడి పుట్టును. కనుక చలికాలమున రాత్రి మేతను తగ్గింపరాదు. ప్రొద్దుగ్రుంకిన పిదప గాడినిండ గడ్డి వేయవలెను. మాగాణిలో చల్లిన పిల్లిపెసర, జనుము చేతికి వచ్చు ఇండ్లలో పచ్చిమేతను ఎండుగడ్డితో కలిపి వేయుట మంచిది. వేకువను తొట్టిలో రాత్రియంతయు నిలిచిన నీరు చల్లగా నుండును. అప్పుడే తోడిన బోరునీరు దానికంటె గోరువెచ్చగా నుండును. ఆ నీటితో కుడితి కలిపిన చాలును. గేదెలను కాలువలోనికి తోలుట, కడుగుట ఎండ వేళనే జరుగవలెను.

పుట్టిన దూడను వెంటనే పొడి గుడ్డతో గాని, గడ్డితో గాని ఒళ్ళంతయు తుడిచి ఆరబెట్టవలెను. మొదటి గంటలోనే జున్నుపాలు కుడిపింపవలెను. మాయ పడువరకు జున్నుపాలు ఈయరాదను నమ్మకము ఇంకను కొన్ని యిండ్లలో గలదు. అది దూడకు ప్రాణాంతకము. జున్నుపాలే దానికి మొదటి ఆహారము, మొదటి మందు. వెన్నుపై కప్పు గోనె పొడిగా నుండవలెను. ఉదయము తప్పక విప్పి ఎండవేయవలెను. చెవులు చల్లబడుట, రోమములు నిక్కుట, పాలు కుడువకుండుట, ఊపిరి వేగమగుట కనిపించినచో ఆలసింపక పశువైద్యుని పిలువవలెను. వెదురుగొట్టముతో నూనెలు, కషాయములు పోయరాదు. అవి దారి తప్పి ఊపిరితిత్తులలో దిగిన పిదప వైద్యుడును చేయగలిగినది కొంచెమే.

కోళ్ళు, కుక్కలు, పిల్లులు

మొదటి వారములో కోడిపిల్లకు 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. పిదప వారమునకు రెండుమూడు డిగ్రీల చొప్పున తగ్గింపవచ్చును. నాటుకోడి తన రెక్కల క్రిందనే దానిని సమకూర్చును. మనము గంప అడుగున రెండంగుళముల పొడి ఊక పోసి, ఉత్తరపు గాలికి అడ్డు పెట్టిన చాలును. తల్లి లేని పిల్లలకు దీపము పెట్టువారు ఒక విషయము గమనింపవలెను. పూర్వపు తీగెబల్బు వెలుతురుకంటె వేడినే ఎక్కువగా ఇచ్చెడిది. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బు వెలుతురునే గాని తగిన వేడి నీయదు. దానిని వ్రేలాడదీసి పిల్లలు వెచ్చగా నున్నవని తలచుట భ్రమ. పిల్లలు ఒకచోట గుమిగూడి అరచుచున్నచో చలి అనియు, దీపమునకు దూరముగా పోవుచున్నచో వేడి అనియు తెలిసికొనవలెను. చలికాలమునకు ముందే కొక్కెర వ్యాధికి టీకాలు వేయించుట మరువరాదు.

వీధికుక్కలు ఎక్కువగా కార్తీకమాస ప్రాంతమున జతకట్టును. సుమారు 63 దినములకు, అనగా పుష్యమాసపు చలిలో, ఈనును. ఈ కూనలు కల్వర్టుల క్రింద, గడ్డిమేట్ల ప్రక్కను వణకుట మనము చూచుచునే యున్నాము. ఇంట కుక్కను పెంచువారు పాత బుట్టలో పొడిగోనె వేసి, అరుగు మూలను నేలకు జానెడు ఎత్తున పెట్టిన చాలును. ఉదయము ట్రాక్టరును గాని, ఆటోను గాని నడుపుటకు ముందు బానెట్టుపై చేతితో రెండు దెబ్బలు వేయుట మంచి అలవాటు. వెచ్చదనమునకై పిల్లులు యంత్రము ప్రక్కను, కూనలు చక్రముల క్రిందను నిద్రించుచుండును.

నిప్పుతో జాగ్రత్త

పొదుపు పేరిట ఎన్నడును చేయరాని పని యొకటి గలదు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రింపరాదు. సగము కాలిన బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు; నిద్రించువాడు మేలుకొనడు. బాలింతల గదులలో కుంపటి పెట్టు ఇండ్లవారికి ఈ సంగతిని ప్రత్యేకముగా చెప్పవలెను. కుంపటి కావలసినచో వెలుపల బాగుగా రాజవేసి, తలుపు తెరచియుంచి, నిద్రకు ముందు బయట పెట్టవలెను. తాటాకు ఇండ్లకును, గడ్డిమేట్లకును దగ్గరగా చలిమంటలు వేయరాదు. భోగిమంటలో రబ్బరు, ప్లాస్టిక్కు కాల్చరాదు. పాతచాపలు, గోనెలు సగము బాగుగా నున్నచో మంటకంటె దూడ క్రిందనే ఎక్కువ వెచ్చదనము నిచ్చును.

పంచాయతీ కర్తవ్యము

రాజ్యాంగమునకు 73వ సవరణ ద్వారా 1993లో అమలులోనికి వచ్చిన పదునొకండవ షెడ్యూలులో 29 అంశములు గలవు. పశుసంవర్ధనము, పాడి, కోళ్ళ పెంపకము, గ్రామీణ గృహనిర్మాణము, ఇంధనము, పశుగ్రాసము ఆ జాబితాలో నున్నవి. కావున ఈ పాఠము ఇంటి విషయము మాత్రమే గాదు, పంచాయతీ విషయము. కొద్దిపాటి శ్రమతో చేయదగిన పనులివి.

ప్రతి వార్డు సభ్యుడును కార్తీకమాసమున తన వార్డులో తిరిగి మూడు పట్టికలు వ్రాయవలెను: ఒంటరిగా నున్న వృద్ధుల ఇండ్లు, చెమ్మ యెక్కు ఇండ్లు, మార్గశిర పుష్యములలో ఈననున్న పశువులు. గడ్డి మిగిలిన రైతునుండి గడ్డి లేని పాడిగృహమునకు నాలుగు మోపులు ఇప్పించుట పంచాయతీ మాటతో జరుగును. ఊకకై సమీపమున నున్న రైస్‌మిల్లు వారిని అడుగవలెను. పశుసంవర్ధకశాఖవారితో మాటలాడి టీకాల దినమును ముందుగా చాటింపవలెను. 1962 అను ఉచిత సంఖ్యకు ఫోను చేసినచో సంచార పశువైద్య వాహనమును పిలిపింపవచ్చునని పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయించవలెను. వీధికుక్కల టీకాలు, సంతాన నియంత్రణ స్థానిక సంస్థల బాధ్యతయని 2023 నాటి నియమములు చెప్పుచున్నవి. కూనలు పుట్టి వణకిన పిదప జాలిపడుటకంటె, ఆ పనికి ముందుగ ప్రయత్నించుట దయయు, పొదుపును నగును.

వృద్ధుల ఇండ్లకు పోయినప్పుడు “దుప్పటి ఉన్నదా?” అని మాత్రము అడిగి తిరిగి రాకుడు. వారు పండుకొను చోట క్రింద అరచేయి ఆనించి చూడుడు. చెమ్మ తగిలినచో ఆ రోజే పొడి పరుపు ఏర్పాటు చేయుడు. ముదుసలి ఒళ్ళు చల్లబడి, మాట తడబడి, మగతగా నున్నచో అది నిద్ర గాదు. వెంటనే 108కి కబురు చేయుడు. మా పొరుగింటి అవ్వ ఆనాడు మా సావిడిలో చేసిన పరీక్ష అదియే. దానికి పరికరము లేదు, పైకము లేదు. ఆ పరీక్ష నాలుగు దినములు ముందు జరిగియున్నచో మా పెయ్యదూడ బ్రతికియుండెడిది.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున చెమ్మ యెక్కు ఇండ్లు ఎన్ని? అందులో వృద్ధులు ఒంటరిగా నున్నవి ఎన్ని?

2. ఈ సంవత్సరము మన చేలలో తగులబెట్టిన గడ్డి ఎంత? దానిలో కొంత నిలువచేయుటకు స్థలమెక్కడ గలదు?

3. మార్గశిర పుష్యములలో ఈననున్న పశువులు ఏ యిండ్లలో గలవు? ఆ సావిళ్ళ నేలను ఎవరు చూచివచ్చెదరు?

4. మూసిన గదిలో కుంపటి వలని ప్రమాదమును బాలింతల ఇండ్లకు తెలియజేయు బాధ్యత ఎవరిది?